మంటను నిలబెట్టే శబ్దం



జాతరలో డప్పు కొడితే గుండె అదురుతుంది. ఎందుకు? శబ్దం గాలిని కదిలిస్తుంది. గాలి ఒకసారి నొక్కుకుంటుంది. ఒకసారి వదులవుతుంది. చెరువులో రాయి వేస్తే అలలు వస్తాయి గదా! గాలిలో కూడా అలాంటి అలలే వస్తాయి. వాటినే శబ్ద తరంగాలు అంటారు.

ఈ అలలు మంటను కూడా కదిలిస్తాయి. అమెరికాలో జాన్ లెకాంట్ అనే శాస్త్రజ్ఞుడు ఈ సంగతి గమనించాడు. అప్పట్లో అక్కడి ఇళ్లలో గ్యాసు దీపాలు ఉండేవి. ఒక ఇంట్లో వాయిద్యాలు వాయిస్తున్నారు. ఆ పాటకు తగ్గట్టు దీపం మంట ఎగిరి పడుతోంది! ఈ వింతను ఆయన 1858లో రాశాడు.

మంట కూడా శబ్దం చేస్తుంది. గొట్టంలో మంట పెడితే ఒక్కోసారి గట్టిగా మోగుతుంది. మంట గాలిని ఊపుతుంది. గాలి తిరిగి మంటను ఊపుతుంది. ఉయ్యాలను సరైన సమయంలో తోస్తే ఇంకా పైకి పోతుంది చూడండి. ఇదీ అంతే.

గ్యాసుతో కరెంటు తీసే కేంద్రాల్లో పెద్ద పెద్ద మంటలు ఉంటాయి. అవి ఇలా ఊగితే యంత్రం అదురుతుంది. భాగాలు పగులుతాయి. మంట ఆరిపోవచ్చు కూడా.

మరి ఆపడం ఎలా? ఉయ్యాల వచ్చేటప్పుడు చెయ్యి అడ్డం పెడితే ఆగుతుంది గదా! 1980ల్లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో అదే చేశారు. మంట వెలుగు ఎలా ఊగుతోందో ఒక పరికరంతో చూశారు. దానికి ఎదురు ఊపు వచ్చేలా లౌడ్ స్పీకరుతో శబ్దం పంపారు. మోత ఆగింది. మంట నిలకడగా వెలిగింది. ముల్లును ముల్లుతోనే తీశారన్న మాట.

మన వంటింట్లో లౌడ్ స్పీకరు అక్కర లేదు. కాని మంట చెప్పే మాట వినాలి. నీలం మంట నిలకడగా ఉంటే మంచిది. బుస్సుమంటూ బర్నరు మీద నుంచి పైకి లేస్తుంటే గాలి ఎక్కువ కలుస్తోందని అనుమానించాలి. మంట పసుపుగా వచ్చి గిన్నెకు మసి పడితే గాలి చాలడం లేదు. పొయ్యి ఆర్పి, చల్లారాక బర్నరు రంధ్రాలు శుభ్రం చెయ్యాలి. అప్పటికీ బాగు కాకపోతే పొయ్యి బాగుచేసే మనిషిని పిలవాలి.

మంట ఆరిపోయి గ్యాసు వాసన వస్తే? వెంటనే పొయ్యినీ రెగ్యులేటరునూ కట్టెయ్యాలి. తలుపులు, కిటికీలు తెరవాలి. అగ్గిపుల్ల గియ్యకూడదు. కరెంటు స్విచ్చి వెయ్యకూడదు, ఆర్పకూడదు. వంటగ్యాసు గాలి కన్నా బరువు. అది నేల మీదే పేరుకుంటుంది. పిల్లలను తీసుకుని బయటికి రావాలి. బయట నుంచి 1906కు ఫోను చెయ్యాలి.

ఈ నాలుగు అంకెలు చదవడం, రాయడం ఇప్పుడు మీకు వచ్చు. ఈ రోజే వంటింటి గోడ మీద పెద్దగా రాసి పెట్టండి. ఇంట్లో అందరికీ చూపించండి.