వెడల్పయ్యే రోడ్డులో మన వాటా ఎంత?

(పట్టణ ప్రాంతాల్లో పనిచేసే మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



రోడ్ల వెడల్పు గురించి మాట్లాడతానన్నప్పుడు, 'ఇది ఇంజనీర్ల సంగతి కదా, స్త్రీల సంఘాలకు దీనితో ఏం పని' అని మీలో కొందరికి అనిపించి ఉండొచ్చు. వరకట్నం, గృహహింస, కనీస వేతనాలు మన సమస్యలని ఒప్పుకున్నంత తేలిగ్గా రోడ్డు మన సమస్య అని ఎవరూ ఒప్పుకోరు. రోడ్డు అందరిదీ అంటారు. అందరిదీ అన్న ప్రతిదాన్నీ 'ఇందులో ఎవరి వాటా ఎంత' అని అడగడం స్త్రీల ఉద్యమం మనకు నేర్పిన పద్ధతి. ఇంటి ఆస్తిని అలా అడిగాం, భూమిని అడిగాం, కంచంలో అన్నాన్ని కూడా అడిగాం. ఇవాళ రోడ్డును అడుగుదాం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. రోడ్లు వెడల్పు చెయ్యొద్దని మనం అనడం లేదు. అయితే కొత్తగా వచ్చే స్థలం ఎవరికి దక్కుతుందన్నది కాగితం మీద బొమ్మ గీసిన రోజునే తేలిపోతుంది. గోడ మీద ఎర్ర గుర్తు పడ్డాక ధర్నా చేస్తే నష్టపరిహారం కొంచెం పెరగవచ్చేమో గానీ, బొమ్మ మారదు. అందుకని బొమ్మ గీస్తున్నప్పుడే మనం అక్కడ ఉండాలి.

నడిచేది ఎవరు?

2011 జనాభా లెక్కల్లో వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవాళ్ళను 'పనికి ఎలా వెళ్తున్నారు' అని అడిగారు. స్త్రీలలో 45.4 శాతం మంది నడిచి వెళ్తున్నారని తేలింది. పురుషుల్లో అది 27.4 శాతం. ఇంట్లో ఒకే బండి ఉంటే అది ఎవరి చేతిలో ఉంటుందో మనకు తెలుసు. ఆ అంకెల్లో కనిపిస్తున్నది అదే.

ఇంకో సంగతి. 2019 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పని చేసేవాళ్ళలో స్త్రీలు దానికి రోజుకు 299 నిమిషాలు వెచ్చించారు, పురుషులు 97 నిమిషాలు. ఇంటి పని అంటే వంటిల్లు ఒక్కటే కాదు. పిల్లను బడిలో దింపాలి, రేషన్ షాపుకు పోవాలి, అత్తగారికి మందులు తేవాలి, తిరిగొచ్చేటప్పుడు కూరగాయలు కొనాలి. మగవాళ్ళ ప్రయాణం ఇంటి నుంచి పని చోటికి గీసిన గీతలా ఉంటే, ఆడవాళ్ళ ప్రయాణం చుక్కలు కలిపిన ముగ్గులా ఉంటుంది. దగ్గర దగ్గర చోట్లకి, ఎక్కువసార్లు, చేతిలో బరువుతో, చంకలో పిల్లతో నడుస్తారు. మన రోడ్లు మాత్రం ఆ గీత కోసమే కడుతున్నారు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. మంచిదే. బస్సు ఉచితమైంది గానీ బస్‌స్టాపు దాకా ఉన్న దారి సంగతేమిటి? ఆ దారి కూడా ప్రయాణంలో భాగమేనని అనుకోకపోతే టికెట్ మాఫీ చేసినా సగం ప్రయోజనమే.

వంద అడుగుల లెక్క

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. ఇంజనీరు ఎదుట కూర్చోవాలంటే ఈ లెక్క మనకు నోటికి వచ్చి ఉండాలి.

వంద అడుగుల రోడ్డంటే సుమారు 30 మీటర్లు. అటు 15, ఇటు 15. ఆరు వరుసల రోడ్డు అన్నారంటే ఒక్కో వైపు మూడు వరుసలు, వరుసకు 3.5 మీటర్ల చొప్పున 10.5 మీటర్లు. డివైడరులో సగం 0.6 తీసేద్దాం. మిగిలింది 3.9 మీటర్లు. మురుగు కాలువ, కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మరు, బస్ షెల్టరు, దుకాణాల మెట్లు, నిలబెట్టిన బళ్ళు అన్నీ అందులోనే. నడిచే మనిషికి మిగిలేది ఎంత? కొన్నిచోట్ల అడుగు కూడా మిగలదు. బొమ్మలో మాత్రం ఫుట్‌పాత్ అని రాసి ఉంటుంది.

అదే 15 మీటర్లను ఇంకోలా పంచి చూడండి. వాహనాలకు రెండు వరుసలు, వరుసకు 3.25 చొప్పున 6.5. డివైడరులో సగం 0.6. సైకిల్ బాటకు 2. చెట్లకు, స్తంభాలకు, బస్‌స్టాపుకు, తోపుడు బళ్ళకు కలిపి ఒక పట్టీ 2.4. ఏ అడ్డూ లేని కాలిబాట 2.5. ఇంకా 1 మీటరు దుకాణాల మెట్లకు మిగులుతుంది. స్థలం పెరగలేదు, పంపకం మారింది.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో సవరించిన మార్గదర్శకాల ప్రకారమే నివాస ప్రాంతాల్లో కాలిబాట కనీసం 1.8 మీటర్లు, వ్యాపార ప్రాంతాల్లో 2.5 మీటర్లు అడ్డు లేకుండా ఉండాలి. అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. మనుషుల రాకపోకలకే ప్రాధాన్యం ఇవ్వాలి తప్ప వాహనాలకు కాదని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం కూడా అంటుంది. చెన్నై నగరపాలక సంస్థ 2014లో నడక, సైకిళ్ళ కోసం ప్రత్యేక విధానమే చేసుకుంది. బెంగళూరులో కొన్ని రోడ్లను టెండర్ ష్యూర్ పద్ధతిలో తిరిగి కట్టినప్పుడు వాహనాల దారిని పొడవునా ఒకే వెడల్పులో ఉంచి, మిగిలిన స్థలాన్ని కాలిబాటలకు వదిలారు.

'వరుస తగ్గిస్తే ట్రాఫిక్ ఆగిపోతుంది' అంటారు. అమెరికా నగరాల మీద డ్యూరాంటన్, టర్నర్ అనే ఆర్థికవేత్తలు 2011లో ప్రచురించిన పరిశోధనలో, రోడ్ల పొడవు, వరుసలు పెరిగిన మేరకే వాహనాల తిరుగుడు కూడా పెరిగిందని తేలింది. కొత్త వరుస కొత్త కార్లను పిలుస్తుంది. కొన్నేళ్ళకు మళ్ళీ అదే జామ్, మళ్ళీ అదే ఎర్ర గుర్తు.

అటు నుంచి ఇటు

ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ మీద పరిశోధన చేస్తున్న రోజుల్లో వాళ్ళతోపాటు పొద్దున్నే నడిచేదాన్ని. బస్తీ రోడ్డుకు ఇవతల, పని చేసే అపార్ట్‌మెంట్లు అవతల. రోడ్డు పెద్దదయ్యాక తమకు దారి చిన్నదైపోయిందని ఒకామె అంది. విస్తరణలో డివైడరుకు కంచె వేశారు. ముందు నేరుగా దాటే చోట ఇప్పుడు చాలా దూరం నడిచి తిరిగి రావాలి. ఆ చుట్టు తిరుగుడు వల్ల ఒక ఇంట్లో ఆలస్యం, ఆ ఇంట్లో ఆలస్యమైతే రెండో ఇంట్లో మాట పడటం. ఆ లెక్క ఏ ప్రాజెక్టు నివేదికలోనూ ఉండదు.

ఆరు వరుసలంటే 21 మీటర్లు. సెకనుకు 1.2 మీటర్లు నడిచే ఆరోగ్యవంతుడు పదిహేడున్నర సెకన్లలో దాటతాడు. మోకాళ్ళ నొప్పితో, చేతిలో సంచితో 0.8 మీటర్లు నడిచే ఆమెకు 26 సెకన్లు పడుతుంది. సిగ్నల్ ఎవరి నడకను బట్టి పెడతారు? నాలుగు వరుసలైతే, మధ్యలో నిలబడటానికి చోటుంటే, ఆమెకు ఈ భయమే ఉండదు.

దీనికి వాళ్ళు చూపించే పరిష్కారం ఫుట్ ఓవర్ బ్రిడ్జి. లారీలు, బస్సులు కిందనుంచి పోవాలంటే అది దాదాపు 6 మీటర్ల ఎత్తుండాలి. మెట్టుకు 15 సెంటీమీటర్ల చొప్పున ఎక్కడానికి 40 మెట్లు, దిగడానికి 40. నిండు గర్భిణి ఎక్కాలి, ముసలమ్మ ఎక్కాలి, చక్రాల కుర్చీలో ఉన్నామె ఎలాగూ ఎక్కలేదు. లిఫ్టు పెడితే కరెంటు, నిర్వహణ ఉండాలి. చీకటి పడ్డాక ఆ వంతెన మీద ఒంటరిగా నడవడానికి ఎవరు ఇష్టపడతారు? కారు వేగం తగ్గకూడదు కాబట్టి మనిషి మెట్లెక్కాలి అన్నదే ఇందులో ఉన్న న్యాయం. వాహనాల సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాలు తీసే ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్ళలో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్ళే.

సైకిల్ ఎవరిది?

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ దానికి అండగా నిలబడ్డారు. క్వారీ కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, నర్సులు ఎవరి మీదా ఆధారపడకుండా కదలడం మొదలుపెట్టారు. బీహారులో 2006 నుంచి హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ 2017లో 'బడికొస్తా' పేరుతో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ఇచ్చారు. సైకిలిచ్చారు, మరి అది తొక్కే దారి? లారీ పక్కన తొక్కాలంటే తండ్రి భయపడతాడు. ఆ భయం నిజమైనదే. కానీ భయానికి మందు పిల్లను ఇంట్లో ఉంచడం కాదు, బాట వెయ్యడం.

2023 అక్టోబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌరఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. చూడటానికి బాగుంటుంది. అయితే పొద్దున్నే వ్యాయామం చేసేవాళ్ళకు పనికొచ్చే ట్రాక్ వేరు, బడికీ పనికీ పోయేవాళ్ళకు కావలసిన బాట వేరు. రెండోది బస్తీల మధ్య, బజార్ల మధ్య, బళ్ళ ముందు ఉండాలి. అలాంటిది వేసినా నిలబెట్టుకోవాలి. ఢిల్లీలో 2008లో బస్సులకు, సైకిళ్ళకు విడిగా దారులు వేసిన మార్గాన్ని, కార్లవాళ్ళ నుంచి ఏళ్ళ తరబడి వచ్చిన వ్యతిరేకత తర్వాత 2016లో తొలగించారు. బాట మీద నడిచేవాళ్ళకు, సైకిల్ తొక్కేవాళ్ళకు సంఘం లేకపోతే అదే జరుగుతుంది.

పోయేది ఎవరి చోటు?

ఇక రెండో వైపు చూద్దాం. స్థలం ఎక్కణ్ణుంచి వస్తోంది? రోడ్డు విస్తరణలో చాలాచోట్ల యజమానితో ఒప్పందం చేసుకుని స్థలం తీసుకుంటారు. డబ్బుగానో, మరోచోట అదనపు అంతస్తులు వేసుకునే టి.డి.ఆర్. పత్రంగానో పరిహారం ఇస్తారు. యజమాని పేరు సాధారణంగా ఎవరిది? అదే భవనంలో ముందు గది అద్దెకు తీసుకుని కుట్టుమిషన్ పెట్టుకున్నామె, కర్రీ పాయింట్ నడుపుకునే ఆమె ఆ ఒప్పందంలో ఎక్కడా ఉండరు. 2013 భూసేకరణ చట్టం అద్దెదారుల, చేతివృత్తులవాళ్ళ జీవనోపాధిని కొన్ని షరతులతో లెక్కలోకి తీసుకుంది. వితంతువుల్ని, విడాకులు పొందినవాళ్ళని, కుటుంబం వదిలేసినవాళ్ళని వేరే కుటుంబంగా గుర్తించింది. ఎన్నో ఏళ్ళు అడిగితే వచ్చిన నిర్వచనం అది. ఒప్పందం దారిలో వెళ్తే ఆ నిర్వచనం పక్కకు పోతుంది.

వీధి వ్యాపారుల సంగతి మరీ జాగ్రత్తగా ఆలోచించాలి. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, అడ్డులేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. మనం స్వాగతించాల్సిన తీర్పు. కానీ ఫుట్‌పాత్ ఖాళీ చేయించడమంటే మొదట పూలమ్మే ఆమె గంపను ఎత్తేస్తారు, కారును ఎత్తరు. రోడ్డు పక్కన వ్యాపారం చేసుకోవడం కూడా ప్రాథమిక హక్కేనని, దానికి హేతుబద్ధమైన నియంత్రణలు ఉండొచ్చని 1989లో సోదన్ సింగ్ కేసులో అదే కోర్టు చెప్పింది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు, తరలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. పట్టణ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారుల ప్రతినిధులుండాలి, వాళ్ళలో మూడో వంతు స్త్రీలుండాలి.

నడిచే ఆడమనిషిని, అమ్ముకునే ఆడమనిషిని ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పే మాటలకు మనం లొంగకూడదు. రాత్రి తొమ్మిదింటికి డ్యూటీ దిగి వచ్చే ఆమెకు ధైర్యమిచ్చేది పోలీసు బోర్డు కాదు, మిర్చి బజ్జీల బండి దగ్గరి బల్బు, అక్కడ నిలబడ్డ నలుగురు మనుషులు. అందుకే ఇందాకటి లెక్కలో ఆ 2.4 మీటర్ల పట్టీ పెట్టాను.

మనం చేయవలసింది

మొదటిది. మీ పట్టణంలో ఏ రోడ్డు విస్తరిస్తారన్న వార్త వచ్చినా, సమాచార హక్కు చట్టం కింద ఆ రోడ్డు అడ్డకోత బొమ్మ అడగండి. ఎక్కడెక్కడ ఎన్ని మీటర్లు, ఏది ఎవరికి అన్నది అందులో ఉంటుంది. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి.

రెండోది. టేపు పట్టుకుని ఆ రోడ్డు మీద నడవండి. నడిచేవాళ్ళను, సైకిళ్ళను, దాటేవాళ్ళను, వ్యాపారం చేసే స్త్రీలను పొద్దున, సాయంత్రం, రాత్రి లెక్కపెట్టండి. అధికారుల దగ్గర వాహనాల లెక్క ఉంటుంది, మనుషుల లెక్క ఉండదు. ఆ లెక్క మనం పట్టుకెళ్ళాలి.

మూడోది. అభ్యంతరాలు చెప్పే గడువులోపు రాతపూర్వకంగా ఇవ్వండి. 'స్త్రీలకు భద్రత కల్పించాలి' అని రాస్తే ఫైల్లో పెడతారు. 'ఫలానా బడి ముందు 2.5 మీటర్ల కాలిబాట, మధ్యలో ఆగే చోటు, 26 సెకన్ల సిగ్నల్' అని రాస్తే జవాబు చెప్పక తప్పదు. రోడ్డు డిజైన్ ప్రమాణాలు పాటించనందువల్ల మరణం గానీ అంగవైకల్యం గానీ జరిగితే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 198-ఎ సెక్షన్ ఉందని కూడా గుర్తు చెయ్యండి.

నాలుగోది. అద్దెదారుల, వీధి వ్యాపారుల జాబితా విస్తరణకు ముందే మనం తయారు చెయ్యాలి. తర్వాత వాళ్ళు అక్కడ ఉండేవాళ్ళని రుజువు చెయ్యడం చాలా కష్టం.

ఈ పని ఒక్క స్త్రీల సంఘం వల్ల అయ్యేది కాదు. ఇంటి పనివారి యూనియన్లు, వికలాంగుల సంఘాలు, విద్యార్థినులు, వీధి వ్యాపారుల సంఘాలు కలిసి కూర్చోవాలి. వాళ్ళ మధ్య తేడాలుంటాయి. మీటరు స్థలం దగ్గర వాదన కూడా వస్తుంది. ఆ వాదన మన మధ్య ముందే జరిగి, మనం ఒక బొమ్మ గీసుకుని వెళ్తే, వాళ్ళ బొమ్మ పక్కన మన బొమ్మ పెట్టగలుగుతాం.

మీలో చాలామంది పనిచేస్తున్న పట్టణాల్లో ఇప్పుడే ఏదో ఒక రోడ్డు మీద కొలతలు వేస్తూ ఉంటారు. ఆ రోడ్ల పేర్లు చెప్పండి. మధ్యాహ్నం చర్చలో వాటిలో ఒకదాన్ని తీసుకుని మీటరు మీటరు లెక్క వేద్దాం.