తోడిలో ఆ గాంధారం: మన అనకాపల్లి నూకల గారు

అనకాపల్లి అనగానే అందరూ బెల్లం అంటారు. ఈరోజు మాత్రం మన ఊళ్ళో పుట్టిన ఒక సంగీత విద్వాంసుడి గురించి చెప్పుకుందాం. ఆయనే నూకల చినసత్యనారాయణ గారు.

1923లో ఇక్కడే పుట్టారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి దగ్గర వయొలిన్ నేర్చుకున్నారు. తర్వాత శ్రీపాద పినాకపాణి గారి శిష్యులై గాత్రంలోకి వచ్చారు. కచేరీలు చేస్తూనే రాగలక్షణాల మీద పుస్తకాలూ రాశారు. 2010లో పద్మభూషణ్ వచ్చింది. 2013లో కన్నుమూశారు.

ఇప్పుడు నా సంగతి. ఫోన్‌లో కీబోర్డ్ యాప్ పెట్టుకుని తోడి రాగం స్వరాలు బట్టీ పట్టాను. ఒక్కటీ తప్పలేదు. మా గురువుగారు విని, "స్వరాలున్నాయి గానీ, తోడి ఏదమ్మా?" అన్నారు. ఏడుపొచ్చేసింది.

విషయం ఏంటంటే, తోడిలో గాంధారం ఒక్కచోట నిలబడదు. రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. ఆ ఊపే గమకం. కాగితం మీద మాత్రం 'గ' అని ఒక్క అక్షరమే కనిపిస్తుంది. బెల్లం పాకం కూడా అంతే కదా! ఎంతసేపు కాయాలో రాసిచ్చినా, దించే అదును పొయ్యి దగ్గర నిలబడితేనే తెలుస్తుంది.

అందుకే పాడే మనిషే శాస్త్రమూ రాస్తే దానికి అంత విలువ. రాసింది ఆయన పుస్తకంలో చదవొచ్చు, ఆయన గొంతులోనే వినొచ్చు.

ఈ రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నూకల గారు పాడిన ఒక్క కీర్తన వినండి. అదే స్వరం యాప్‌లో నొక్కి చూడండి. తేడా మీకే తెలుస్తుంది. ఉంటాను మరి!