బొమ్మకు పుట్టిల్లు అడవే

పిల్లలూ, ఏటికొప్పాక బొమ్మలు మీరు చూసే ఉంటారు. వరాహ నది ఒడ్డున ఆ ఊరి కళాకారులు అంకుడు కర్రను లేతు మీద తిప్పి, చెక్కి బొంగరాలు, గిలక్కాయలు చేస్తారు. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క అద్దితే, రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అంకుడు మన కొండల్లో పెరిగే చెట్టు. లక్క, కొమ్మల మీద చిన్న పురుగులు కట్టే జిగురు. అంటే ఆ బొమ్మకు పుట్టిల్లు అడవే.

అంకుడును మొదలు ఉంచి కొడితే మళ్లీ చిగురిస్తుంది. వేళ్లతో పెకలిస్తే ఇక లేదు. సెలవులకు ఇంటికెళ్లాక అంకుడు చెట్టు చూపించమని మీ తాతయ్యను అడగండి. కొట్టేవాళ్లకు మొదలు ఉంచమని చెప్పండి. చూపించేవాళ్లు ఉండగానే నేర్చుకోవాలి. ఉంటాను.