నాచులో నూనె



నిలవ నీళ్లలో పచ్చగా నాచు పడుతుంది. కాలు జారితే తిట్టుకుంటాం. అందులో కంటికి ఆనని సన్నరకం నాచు ఉంది. దాని తిండి ఏమిటి? ఎండ, గాలి, మురుగులోని ఎరువు. తిని ఒంట్లో నూనె పట్టిస్తుంది, మన పల్లికాయ లాగే. ఆ నూనెతో డీజిల్ లాంటి ఇంధనం చేయవచ్చు. హైదరాబాదు తార్నాకలోని ఐ.ఐ.సి.టి. శాస్త్రవేత్తలు ఇళ్ల మురుగునీటిలో ఈ నాచును పెంచి చూశారు. మురుగు కూడా కొంత తేటపడుతుంది. ఖర్చే ఎక్కువ. అంత సన్నటి నాచు జల్లెడకు చిక్కదు మరి!

"అయితే మన నక్కవాగులో పెంచరాదా?" అంటారు. ఆగండి. ఇంటి మురుగు వేరు, ఫ్యాక్టరీ మురుగు వేరు. పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించారు. ఆ ఫలితం 2007లో అచ్చయింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. రోగక్రిములను చంపే మందు అది! అలాంటి నీటిలో కొన్ని నాచులు చస్తాయి. బతికినవి సీసం లాంటి లోహాలను ఒంట్లో దాచుకుంటాయి. నూనె తీసినాక మిగిలే చెక్కను బర్రెకు పెడితే? పాలు తాగేది మన పిల్లలే. అందుకే ముందు ఆ నీళ్లలో ఏముందో పరీక్ష చేయించమని అడగాలి. నక్కవాగు పోయి కలిసేది మంజీరలోనే.