తీసిన బొమ్మ తిరిగి చూపించాలి

స్నాతకోత్సవ ప్రసంగంలో నేరుగా విషయంలోకి వెళ్లడమే ఈ ఉక్కపోతలో గౌన్లు తొడుక్కున్న పట్టభద్రులకు మేలు.

విశ్వవిద్యాలయంలో సినిమాను పాఠంగా వాడడమంటే తెర దించి, దీపాలు ఆర్పి, చివర్లో హాజరు వేయడం కాదని 1967లో కెనడాలోని ఫోగో ద్వీపంలో తేలింది. చేపల వేట గిట్టుబాటు కాని ఆ దీవి జనాన్ని వేరేచోటికి తరలించాలని ప్రభుత్వం యోచిస్తున్న రోజుల్లో, న్యూఫౌండ్‌లాండ్‌లోని మెమోరియల్ విశ్వవిద్యాలయ విస్తరణ విభాగం, అంటే చదువును ప్రాంగణం దాటించి జనంలోకి తీసుకెళ్లే శాఖ, జాతీయ ఫిల్మ్ బోర్డు దర్శకుడు కోలిన్ లో సాయంతో అక్కడివారి మాటలను 20కి పైగా చిన్న చిత్రాలుగా తీయించింది. చిత్రంలో కనిపించినవారే దాన్ని ముందుగా చూసి, వద్దనుకున్న ముక్కను తొలగింపజేయగలిగేవారు. ఆపైన ఊరూరా ప్రదర్శించగా, మతాల వారీగా ఎడమొహం పెడమొహంగా ఉన్న పల్లెలు పక్క ఊరి కష్టమూ తమలాంటిదేనని గుర్తించాయి, అధికారులూ చూశారు, మత్స్యకారుల సహకార సంఘం ఏర్పడింది, జనం దీవిలోనే నిలిచారు. ఈ పద్ధతికే ‘ఫోగో ప్రక్రియ’ అని పేరు.

ఈ వక్త ఆ పాఠాన్ని పుస్తకంలో చదివి ఆచరణలో తప్పినవాడు. ఉద్యోగపు తొలినాళ్లలో విద్యార్థులతో ఒక చెరువు కింది పల్లెకు వెళ్లి, పూడిపోయిన తూము దగ్గర ఒక అవ్వను గంటసేపు నిలబెట్టి మాట్లాడించి, ఆ చిత్రానికి మంచి మార్కులు వేసి, క్యాసెట్‌ను బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఏళ్ల తరువాత అదే దారిన వెళ్తుంటే ఆమె గుర్తుపట్టి, ‘నా బొమ్మ ఎప్పుడు చూపిస్తావు సారూ?’ అని అడిగింది. తూము అలాగే ఉంది.

నేటి బెంగ ఆ సిగ్గులోంచి పుట్టిందే. ముందు వరుసలో ఇప్పటికే పదో సెల్ఫీ దిగుతున్న బంగారు కొండలు, 24 గంటల్లో మాయమయ్యే స్టేటస్ కోసం ఊరి కష్టాన్ని తవ్వుకొస్తే దాన్ని సేవ అనరు, చిల్లర దొంగతనం అంటారు. ఇందుకు భిన్నంగా, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల దళిత మహిళలు తమ సేద్యాన్ని తామే కెమెరాకెక్కించారు. వారికి డిగ్రీ పట్టాలు లేవు గానీ, బొమ్మ ఎవరి కోసమో తెలుసు.

కనుక పట్టభద్రులకు మిగిలిన హోంవర్కు ఒక్కటే: తీసిన ఊరికి తిరిగి వెళ్లి, రచ్చబండ దగ్గర దుప్పటి కట్టి చూపించి, దీపం వేసి, జనం మాట్లాడేదాకా కూర్చోవడం. ఈ వక్త బీరువాలోని క్యాసెట్‌కు ఇప్పుడు ఆడించే యంత్రమూ లేదు, చూడవలసిన అవ్వా లేదు. పట్టభద్రుల ఫోన్లలో ఉన్నవాటికి ఇంకా వ్యవధి ఉంది.