బీరువాలోంచి వెబ్‌లోకి: బడి రిజిస్టరు ప్రయాణం

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



బడి రికార్డులు వెబ్‌లోకి ఎక్కిన సంగతి గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. నేను కంప్యూటరు చదువుకున్నవాణ్ణి కాను. ముప్పై నాలుగేళ్ళు బడిలో పనిచేసి, 2016లో ఒక ప్రాథమికోన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. మధ్యలో కొన్నేళ్ళు మండల రిసోర్స్ సెంటరులో లెక్కల కాగితాలు చూశాను. కనుక యంత్రం గురించి తక్కువ, రిజిస్టరు గురించి ఎక్కువ చెప్పగలను.

ముందుగా ఒక చిన్న మనవి. ఈ హాలులో జూన్, జూలై నెలల్లో పుట్టినవారు ఒకసారి చేతులెత్తండి. (నవ్వులు) చూశారా, ఇంచుమించు సగం మంది! మన అమ్మలందరూ వేసవి సెలవులు అయ్యాకే కన్నారని కాదు. బడి తెరిచిన రోజుల్లో నాయన చెయ్యి పట్టుకొని వెళితే, మాస్టారు మన ఒడ్డూ పొడుగూ చూసి, "అయిదు నిండాయిలే" అని ఒక తేదీ వేశారు. ఆ తేదీయే ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకంలోకి, అక్కణ్ణుంచి సర్వీసు రిజిస్టరులోకి వచ్చింది. 1983లో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గించినప్పుడు ఆ మాస్టారి కలం విలువ ఎంతో చాలా ఇళ్ళలో తెలిసివచ్చింది. 1984 నాటి నిబంధనలు వచ్చాక, ఒకసారి నమోదైన పుట్టినతేదీని మార్చుకునే దారి దాదాపుగా మూసుకుపోయింది. ఆ అడ్మిషన్ రిజిస్టరు ఎక్కడుండేది? హెడ్మాస్టరుగారి బీరువాలో. తాళం ఆయన మొలతాడుకో, జంధ్యానికో!

బీరువాలో ఉన్నంతకాలం దానికి ఒక బలం ఉండేది. ఊరు పేరు మారినా, జిల్లా పేరు మారినా పుస్తకం మారేది కాదు. పార్వతీపురం సంగతే చూడండి. అక్కడ స్వాతంత్ర్యానికి ముందు పుట్టిన ఒక పెద్దావిడ విశాఖపట్నం జిల్లాలో పుట్టింది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడితే ఆ జిల్లా మనిషి అయింది. 1979లో విజయనగరం జిల్లా మనిషి, 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా మనిషి. ఇల్లు కదలలేదు, జిల్లాలు నాలుగు మారాయి. ఆమె చదువుకున్న బడిలో మాత్రం ఆమె అడ్మిషన్ నంబరు అదే.

ఇక కంప్యూటరు ఎలా వచ్చిందో చెబుతాను. 1994-95 ప్రాంతంలో ఢిల్లీలోని నీపా సంస్థ, యూనిసెఫ్ సహాయంతో, డి.పి.ఇ.పి. జిల్లాల కోసం 'డైస్' అనే సమాచార పద్ధతిని తయారుచేసింది. మన రాష్ట్రంలో డి.పి.ఇ.పి. 1996లో మొదలైన అయిదు జిల్లాలలో విజయనగరం ఒకటి. తక్కినవి నెల్లూరు, కర్నూలు, వరంగల్లు, కరీంనగరం. శ్రీకాకుళం రెండో విడతలో చేరింది. ఆ రోజుల్లో మేము సెప్టెంబరు 30వ తేదీ నాటికి బడిలో ఎందరు పిల్లలు, ఎన్ని గదులు, బోరింగు పనిచేస్తోందా లేదా అని పొడుగాటి ఫారం నింపేవాళ్ళం. ఆ కట్టలు మండలానికి, మండలం నుంచి జిల్లా కేంద్రానికి బస్సు టాపు మీద వెళ్ళేవి. అక్కడ కంప్యూటరులో కొట్టేవారు. మా బడి గురించి కంప్యూటరు ఏమంటున్నదో మాకు తిరిగి తెలిసేసరికి మరుసటి సంవత్సరం అడ్మిషన్లు వచ్చేవి. ఒకసారి మా రెండు గదుల బడికి ఇరవై రెండు గదులున్నట్టు వచ్చింది. వెంటనే కొత్త గది మంజూరు జాబితాలోంచి మా ఊరు ఎగిరిపోయింది! అయితే గమనించండి, ఆ ఫారంలో పిల్లల పేర్లు లేవు. ఎందరు అన్న అంకె మాత్రమే. అంకె తప్పయితే గది పోతుంది. పేరు తప్పయితే మనిషే పోతాడు. ఆ తేడా అప్పట్లో మాకు తట్టలేదు.

2012-13లో ప్రాథమిక, ఉన్నత పాఠశాలల లెక్కలు రెంటినీ కలిపి యు-డైస్ చేశారు. 2018-19 నుంచి యు-డైస్ ప్లస్ అని, బడి నుంచే నేరుగా వెబ్ ద్వారా నింపే పద్ధతి పెట్టారు. 2022-23 నుంచి అంకెలు కాదు, ఒక్కొక్క బిడ్డ వివరం పేరుతో సహా. 2023-24 లెక్కలో దేశం మొత్తం మీద 14.7 లక్షల బడులు, 24.8 కోట్ల మంది పిల్లలు అందులో ఉన్నారు.

వెబ్ అంటే ఏమిటని మన సభ్యులొకరు పొద్దున్న టిఫిను దగ్గర అడిగారు. మన భాషలో చెప్పాలంటే, లెడ్జరు ఒక్కటే, అది ఎక్కడో సర్వరులో ఉంటుంది. కౌంటర్లు మాత్రం ఊరూరా. మనకు పి.పి.ఓ. నంబరు ఉన్నట్టు ప్రతి బడికి 11 అంకెల కోడ్ ఉంది. మొదటి రెండు రాష్ట్రం, తరువాతి రెండు జిల్లా, ఆపైన మండలం, గ్రామం, చివరి రెండు ఆ ఊళ్ళో బడి వరస. 28 ఆంధ్ర. ఆ వెనుక 11 ఉంటే ఉమ్మడి శ్రీకాకుళం, 12 ఉంటే ఉమ్మడి విజయనగరం. ప్రతి బిడ్డకూ ఒక శాశ్వత విద్యా సంఖ్య ఉంటుంది. బడికి ఒక లాగిన్, మండలానికి ఒకటి, జిల్లాకు ఒకటి, రాష్ట్రానికి ఒకటి. గదులు, టీచర్లు, మరుగుదొడ్లు ఎన్నో ఎవరైనా చూడవచ్చు. బిడ్డ పేరూ ఆధారూ మాత్రం లాగిన్ ఉన్నవారికే. ఇది సరైన ఏర్పాటే.

చిక్కంతా ఇక్కడ ఉంది. బీరువా కాలంలో చూసే హక్కు, రాసే హక్కు, దిద్దే హక్కు మూడూ ఒకే చేతిలో ఉండేవి. వెబ్ వచ్చాక అవి మూడు చోట్లకు చీలిపోయాయి. దీనికి దృష్టాంతం నా సొంత తప్పే కనుక మొహమాటం లేకుండా చెబుతాను.

2015 జూన్‌లో మా బడిలో ఒకటో తరగతికి ఇద్దరు పిల్లలు చేరారు. ఇద్దరి పేరూ పైడిరాజే. అన్నదమ్ముల బిడ్డలు, ఇద్దరికీ తాతగారి పేరే పెట్టారు. ఇంటిపేరు ఒకటే. పైడితల్లమ్మ చల్లగా చూస్తున్న మన ప్రాంతంలో ఇందులో వింతేముంది? రిజిస్టరులో తండ్రి పేరు, తల్లి పేరు చూసుకొని సరిగానే రాశాను. ఒకడు 2009 ఆగస్టు, రెండోవాడు నవంబరు. ఆ రోజుల్లోనే పిల్లల వివరాలు ఆధార్ నంబర్లతో సహా ఆన్‌లైన్‌లో ఎక్కించమని ఉత్తర్వులు వచ్చాయి. బడికి కరెంటు ఉంది, నెట్ లేదు. పట్నంలో నెట్ సెంటరు కుర్రవాడికి పేర్ల జాబితా ఇచ్చి, బడి పాస్‌వర్డు ఒక చీటీ మీద రాసి ఇచ్చి వచ్చాను. జాబితాలో తల్లి పేరు గడి నేనే వదిలేశాను, పని త్వరగా అవుతుందని. నా ఒక్కడిదే కాదు, ఆ సెంటరు గోడకు చాలా బడుల చీటీలు బంక పెట్టి అతికించి ఉండేవి. కుర్రవాడు ఇద్దరు పైడిరాజుల తేదీలు తారుమారు చేశాడు. నేను తిరిగి సరిచూడలేదు. మరుసటి సంవత్సరం దండలు వేయించుకొని ఇంటికి వచ్చేశాను.

2024లో అపార్ సంఖ్య వచ్చింది. బడి లెక్కలోని పేరు, లింగం, పుట్టినతేదీ ఆధార్‌తో కలిస్తేనే అది పుడుతుంది. ఒక సాయంత్రం ఆ పిల్లల నాయనమ్మ మా వీధి అరుగు మీదకు వచ్చి కూర్చుంది. "మాస్టారూ, మీరు బడిలో ఏసిన తేదీయే కదండీ. ఇప్పుడు తప్పంతన్నారు. మా గుంటడు పదో తరగతి రాయద్దేటి బాబూ?" అంది. ఆమె మాటలో కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

మరునాడు ఇద్దరం పాత బడికి వెళ్ళాం. ఇప్పటి హెడ్మిస్ట్రెస్ గారు ఎంతో ఓపికగా బీరువా తీసి, 2015 అడ్మిషన్ రిజిస్టరు దుమ్ము దులిపారు. నా చేతిరాత, రెండు తేదీలూ నిక్షేపంగా ఉన్నాయి. పుట్టిన సర్టిఫికెట్లతో సరిపోయాయి. ఇక ఏముంది, మార్చేయండి అన్నాను. ఆమె నవ్వి, "మాకు కనిపిస్తుంది కానీ మార్చడానికి రాదు సార్. పేరు, పుట్టినతేదీ మండల లాగిన్‌లోనే దిద్దాలి" అన్నారు. మండల కేంద్రానికి వెళితే ఆపరేటరు మరో పని మీద జిల్లాకు వెళ్ళాడు. రెండోసారి వెళితే సర్వరు రాలేదు. మూడోసారికి ఒక పైడిరాజుది అయింది. ముసలమ్మకు మూడు పూటల కూలి, బస్సు ఛార్జీలు పోయాయి. నేను పెట్టుకుంటానంటే ఒప్పుకోలేదు.

రెండో పైడిరాజు సంగతి ఇంకా చిత్రం. వాడి తండ్రి తాపీపనికి విశాఖ వెళ్ళి, వాణ్ణి అక్కడ ఒక ప్రైవేటు బడిలో వేశాడు. తండ్రి పరంజా మీద నుంచి పడి నడుము దెబ్బతింటే కుటుంబం ఊరికి తిరిగి వచ్చింది. కొత్త బడి వాణ్ణి వెబ్‌లో చేర్చుకోవాలంటే పాత బడి ముందుగా వాడి వివరాన్ని డ్రాప్ బాక్స్ అనే దానిలోకి వదలాలి. ఫీజు బాకీ తీర్చేదాకా వాళ్ళు వదలలేదు. పూర్వం టి.సి. కాగితం ఆపేవారు, ఇప్పుడు ఒక మీట నొక్కడం ఆపుతున్నారు, అంతే! ఎనిమిదో తరగతి వరకు అయితే 2009 నాటి విద్యాహక్కు చట్టం అయిదో సెక్షను ఉంది. టి.సి. ఆలస్యమైందని ప్రభుత్వ బడిలో చేర్చుకోకపోవడం కుదరదు. తొమ్మిది, పది తరగతుల వారికి ఆ చట్టం వర్తించదు. చివరకు నాయనమ్మ చెవి పోగులు తాకట్టుకు వెళ్ళాయి.

ఇదంతా విని వెబ్ వద్దనేవారు మనలో ఉన్నారు. నేను వారితో ఏకీభవించను. మన రెండు జిల్లాల జనం పొట్ట చేతపట్టుకొని హైదరాబాదుకూ చెన్నైకీ వెళతారు. తీరప్రాంతం మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళతారు. బిడ్డ ఏ ఊళ్ళో తేలినా, "వీడు ఏడో తరగతి చదివాడు" అని ఆ నంబరు చెబుతుంది. కాగితం కాలంలో వర్షానికి నాని, చెదలు తిని, రికార్డు షీటు లేక మళ్ళీ అయిదో తరగతిలో కూర్చున్న పిల్లలను నేనే చూశాను. దొంగ హాజరులూ, ఒకే పిల్లవాడు రెండు బడుల్లో ఉండటమూ చాలావరకు తగ్గాయి. దిద్దే హక్కు బడి నుంచి తీసెయ్యడంలో కూడా న్యాయం ఉంది. వయసు తగ్గించండి మాస్టారూ అని కొబ్బరికాయలతో ఇంటికి వచ్చినవారు నాకూ ఉన్నారు.

కానీ ఒకటి అడుగుతాను. మనం ఆఫీసుల్లో పనిచేసినప్పుడు రిజిస్టరులో తప్పు పడితే ఏం చేసేవాళ్ళం? రుద్దేవాళ్ళం కాదు. ఒక గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన పొట్టి సంతకం, తేదీ వేసేవాళ్ళం. తప్పు ఏమిటో, ఎవరు దిద్దారో, ఎప్పుడు దిద్దారో చూసినవాళ్ళకు తెలిసేది. కంప్యూటరు లోపల ఆ జాడ ఎక్కడో ఉండవచ్చు. ఆ నాయనమ్మ చేతికి మాత్రం ఏమీ రాలేదు. ట్రెజరీలో కాగితం ఇస్తే మనకు ఇన్‌వర్డు నంబరు ఇస్తారు. అలాగే, దిద్దమని అడిగినవారికి ఒక నంబరు, ఎవరి దగ్గర ఆగిందో తెలిపే ఒక వరుస, బడిలోనే రిజిస్టరు పేజీ ఫోటో తీసి పైకి పంపే ఏర్పాటు, ఇన్ని రోజుల్లో తేల్చాలన్న గడువు కావాలి. సర్వరు కొనడం కంటే ఇది చవక. మన సంఘం తరఫున ఈ మేరకు ఒక విజ్ఞప్తి జిల్లా విద్యాశాఖకు పంపాలని నేను ప్రతిపాదిస్తున్నాను. అధ్యక్షులవారు సభ అభిప్రాయం తీసుకోవలసిందిగా కోరుతున్నాను.

ఇంకొక మాట. మన మనవలు, మనవరాళ్ళ వివరాలు చాలామంది పదో తరగతి నామినల్ రోల్ వేళకు గాని చూడరు. అప్పటికి ఆలస్యమవుతుంది. ఆరో తరగతిలో చేరిన రోజే బడిలో అడిగి చూసుకోండి. మన ఇళ్ళల్లో ఇంటిపేరు ముందు రాస్తాం, ఆధార్‌లో వెనక్కి వెళుతుంది. 'పైడి'ని ఇంగ్లీషులో ఒకరు ఒకలా, మరొకరు మరోలా రాస్తారు. అప్పలనరసమ్మ ఒకచోట రెండు మాటలు, ఒకచోట ఒక మాట. మనకు లైఫ్ సర్టిఫికెట్ వేళ వేలిముద్ర పడకపోతే ఎంత గాబరా పడతామో తెలుసు కదా, పిల్లలకు ఆ గాబరా పరీక్షల ముందు వద్దు.

ఆ ఇద్దరు పైడిరాజులూ 2025 మార్చిలో పరీక్షలు రాశారు. హాల్ టికెట్లు రాగానే ముసలమ్మ రెంటినీ పట్టుకొని మా ఇంటికి వచ్చి, "సరీగున్నాయేటో సూడండి" అంది. ఈసారి కళ్ళజోడు పెట్టుకొని, రిజిస్టరు పేజీ ఫోటోతో పోల్చి రెండుసార్లు చూశాను.

భోజనాల తరువాత నేనూ, మా మనవరాలూ వరండాలో బల్ల దగ్గర కూర్చుంటాం. పిల్లల ఆధార్ నకలు, పుట్టిన సర్టిఫికెట్, బడి ఇచ్చిన వివరాల కాగితం తెచ్చుకున్నవారు రండి, సరిచూసి పెడతాం. పాస్‌వర్డులు మాత్రం దయచేసి నాకు చెప్పకండి.