అప్పులేని వేడుక

ఇంట శుభకార్యం అనగానే ఇల్లాలి మనస్సులో రెండు లెక్కలు ఒకేసారి మొదలవుతాయి. వచ్చేవారు ఎందరు అన్నది ఒకటి. వచ్చినవారు ఏమనుకుంటారో అన్నది రెండవది. మొదటి లెక్కకు అంతు ఉన్నది. ముప్పదిమంది అంటే ముప్పది విస్తళ్ళు. రెండవ లెక్కకు అంతు లేదు. సామాన్య సంసారాలను అప్పులపాలు చేస్తున్నది తరచుగా ఈ రెండవ లెక్కయే. మొదటి దానిని సరిగా వేసుకొని, రెండవ దానిని ఎట్లా కొట్టివేయవచ్చునో నేను చూచిన ఒక ఇంటి ముచ్చట ద్వారా మనవి చేస్తాను.

ఆ ఇల్లు శ్రీకూర్మంలో ఉన్నది. శ్రీకాకుళానికి సమీపంలో, సముద్రానికి చేరువలో ఉన్న ఈ గ్రామం కూర్మనాథస్వామి క్షేత్రమని శ్రోతలకు తెలిసినదే. స్వామి పడమటి ముఖంగా వెలసిన ఆలయమది, ధ్వజస్తంభాలు రెండు. అవతారమూర్తి కూర్మం కనుక ఆవరణలో తాబేళ్ళను కూడా ఆదరంతో పెంచుతూ వచ్చారు. ఫాల్గుణ పూర్ణిమకు అక్కడ డోలోత్సవం జరుగుతుంది. ఆ రోజులలో ఊరిలో చుట్టాలు లేని ఇల్లు ఉండదు. మా మేనత్తగారి ఇల్లు ఆ ఊరిలోనే.

2019వ సంవత్సరం డోలోత్సవం నాళ్ళలోనే ఆమె మనుమరాలికి ఏడాది నిండింది. తొలి పుట్టినరోజు. కోడలి పుట్టినిల్లు ఉద్దానం. ఉద్దానమంటే కొబ్బరి, జీడి, పనస తోటల సీమ. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఆ తోటలు నేలకొరిగిన సంగతి మనమెవ్వరమూ మరువలేదు. వరి పోతే మరుసటి సంవత్సరం నాటుకోవచ్చును. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్ళు ఎదురుచూడవలెను. కోడలి తలిదండ్రులు అట్లా తోట పోగొట్టుకొన్నవారే.

అయినప్పటికీ మనుమరాలి తొలి పుట్టినరోజుకు ఉత్తచేతులతో ఎట్లా రావడం? చలిమిడి, గవ్వలు, లడ్డూలు, బట్టలు, పాపకు వెండిగిన్నె, అన్నీ కలిపి సారె తేవలెనని వారి పట్టుదల. అందుకు ఇరవై వేలు వడ్డీకి తెచ్చుకోదలచినట్లు కోడలు కన్నీళ్ళతో అత్తగారికి చెప్పినది. మా మేనత్త ఆ రాత్రే వియ్యపురాలికి ఫోను చేసినది. నేను పక్కనే ఉన్నాను.

"వదినగారూ, నాకు ఇక్కడ చేతిసాయం ఎవరూ లేరు. సారె సంగతి తరువాత చూచుకుందాం. మీరూ అన్నయ్యగారూ నాలుగు రోజులు ముందుగా వచ్చెయ్యండి. పిండివంటలు మనమే కలిసి చేసుకుందాం. మీ చేతి పాకం నాకు రాదు" అన్నది.

సారె వద్దని ఆమె అనలేదు. అంటే వారి మనస్సు నొచ్చేది. సొమ్ము రూపంలో రావలసిన సారెను పనితనం రూపంలోనికి మార్చినది. పొదుపు అనే మాటకు నేను నేర్చుకొన్న అర్థం ఆ రాత్రి ఫోనులో విన్నదే.

నాలుగు రోజుల ముందుగానే వారు వచ్చారు. వియ్యపురాలు ఒక గోనెసంచి తెచ్చినది. కూలిన చెట్ల కింద ఏరి, అటకమీద దాచిన కాయలవి. కొన్నింటిలో నీరు ఇంకి కురిడీలయినాయి. "ఇంతే మిగిలినాయి" అని ఆమె తల వంచుకొన్నది. మేనత్త మాట్లాడకుండా కోరాము తెచ్చి ముందు పెట్టినది. ఆ సాయంత్రమే పని ప్రారంభమయినది.

ముప్పదిమందికి వారు చేసిన వంటకాలను కొలతలతో చెబుతాను, కావలసినవారు రాసుకోవచ్చును.

మొదటిది చిమ్మిలి. అరకిలో నువ్వులు దోరగా వేయించి, చల్లారిన తరువాత రోటిలో గాని మిక్సీలో గాని బరకగా దంచి, నాలుగువందల గ్రాముల బెల్లం తురుము కలిపి మళ్ళీ దంచవలెను. నువ్వుల నూనెయే ఉండను పట్టి ఉంచుతుంది, నెయ్యి అక్కరలేదు. ఒక గుప్పెడు కురిడీ కోరు కలిపితే రుచి హెచ్చుతుంది. చిన్న నిమ్మకాయంత ఉండలు ముప్పది వస్తాయి. నాగులచవితికి మన ఇండ్లలో చేసే వంటకమే ఇది; వేడుకలకు ఎందుకో మరచిపోయాము.

రెండవది చలిమిడి. కిలో బియ్యం ఒక రాత్రి నానబెట్టి, నీరు వంచి, గుడ్డమీద కొద్దిసేపు ఆరవేసి, తడి ఉండగానే పిండి పట్టించి జల్లించవలెను. తడి ఆరితే చలిమిడి బిరుసెక్కుతుంది. ముప్పాతిక కిలో బెల్లాన్ని కొద్ది నీటిలో కరిగించి ముందుగా వడకట్టవలెను; మంచి బెల్లంలోనైనా ఇసుక ఉండవచ్చును. పిమ్మట పాకం పట్టి, ఒక చుక్క చన్నీటిలో వేసి చూస్తే మెత్తని ఉండ కట్టవలెను. అప్పుడు దించి, పిండి కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు కట్టకుండా కలిపి, రెండు చెంచాల నెయ్యి, కొబ్బరి ముక్కలు వేయవలెను.

మూడవది బెల్లం గవ్వలు. కిలో గోధుమపిండికి చిటికెడు ఉప్పు, చిన్న గిన్నెడు వేడినూనె కలిపి గట్టిగా తడిపి నానబెట్టవలెను. గోలీలంత ఉండలు చేసి, గవ్వలపీటపై బొటనవ్రేలితో నొక్కి దొర్లిస్తే గవ్వ రూపం వస్తుంది. పీట లేకపోతే శుభ్రమైన కొత్త దువ్వెన చాలును. సన్నని సెగమీద వేయించవలెను. సెగ హెచ్చితే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటుంది. ముప్పాతిక కిలో బెల్లం పాకం ఈసారి ముదరవలెను. చన్నీటిలో వేసిన ఉండను పళ్ళెంమీద విసిరితే చప్పుడు కావలెను. ఆ పాకంలో గవ్వలు పోసి కలియబెట్టి, విడివిడిగా ఆరబెడితే పదిహేను రోజులు నిలువ ఉంటాయి. సముద్రపుటొడ్డు ఊరికి గవ్వలకంటె తగిన మిఠాయి ఏమున్నది?

నాలుగవది పాయసం. దీనిలో ఒక్క మెలకువ తెలిస్తే చాలును. బెల్లంలోని పులుపు వేడిపాలను విరుగగొడుతుంది. కనుక బియ్యం పాలలో మెత్తగా ఉడికిన పిమ్మట గిన్నె దించి, కొంత చల్లారనిచ్చి, అప్పుడే వడకట్టిన బెల్లపు నీరు కలపవలెను. అరకిలో బియ్యానికి రెండు లీటర్ల పాలు, తగినన్ని నీళ్ళు సరిపోతాయి.

వంటగదిలో వియ్యపురాండ్రిద్దరూ పాకం చూస్తూ ఉండగా, వియ్యంకుడుగారు పెరటిలో కూర్చున్నారు. ఆయన చాలాసేపు ఎవరితోను మాట్లాడలేదు. పెరటిలో రెండు కొబ్బరిచెట్లు ఉన్నాయి. మేనత్త కుమారుడు అలంకరణకు లేత మొవ్వ కోయించబోతే ఆయన లేచి వారించారు. "మొవ్వ కోస్తే చెట్టు దెబ్బ తింటుంది బాబూ. కింది మట్టలు రెండు చాలును" అన్నారు. ఆ మట్టల ఆకులతోనే చిలుకలు, బంతులు, జడలు అల్లారు. పిల్లలు చుట్టూ మూగారు. సాయంత్రానికి ఆయన వారికి అల్లిక నేర్పుతూ కనిపించారు. తోట పోయినది గాని చేతి విద్య పోలేదు కదా!

ఇంటి అలంకరణకు వారు కొన్నది దాదాపు ఏమీ లేదు. ముదురు మామిడాకులు ఏరి, మడిచి, చీపురుపుల్లలతో గుచ్చి తోరణం కట్టారు. లేత ఆకులు అందంగా ఉంటాయి గాని గంటలోనే వాడిపోతాయి. ముందురోజు కోసిన ఆకులను తడిగుడ్డలో చుట్టి ఉంచితే తెల్లవారేసరికి కూడా పచ్చగా ఉంటాయి. అరుగు అంచుకు ఎర్రమన్ను పూసి, దానిమీద నానిన బియ్యం రుబ్బిన పిండినీటితో, గుడ్డపీలిక ముంచి ముగ్గులు తీర్చారు. రాతిపిండికంటె ఇది నేలకు బాగా పట్టుతుంది. చీమలకు, పిచ్చుకలకు కూడా ఆహారమవుతుంది. బుడితి ఇత్తడి చెంబులను చింతపండు, ఉప్పుతో తోమి, వాటిలో పెరటి పూలకొమ్మలు నిలిపారు. చిరిగిన పట్టుచీరల జరీ అంచులు విప్పి, తెల్లని పొందూరు ఖద్దరు దుప్పటికి కుట్టి, పాపను కూర్చోబెట్టే పీట వెనుక తెరగా కట్టారు.

పొందూరు పేరు వచ్చినది కనుక ఒక మాట. ఆ సన్నని ఖద్దరుకు పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనగా వాడడం అక్కడి పనివారి సంప్రదాయం. తిని పారవేయవలసిన ఎముకతో పేరుగన్న నేత నేసిన సీమ ఇది. ఇంటిలో పాతబడిన వస్తువును పారవేసే ముందు ఒక్కసారి ఆలోచించడం మనకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇక వినోదం. పెద్దలు, పిన్నలు వేరువేరుగా ఫోనులు చూస్తూ కూర్చుంటే ఎన్ని మిఠాయిలున్నా అది వేడుక కాదు. చింతపిక్కలతో వామనగుంటలు, గవ్వలతో అష్టాచెమ్మా సిద్ధం చేశారు. పొడుపుకథకు విడుపు చెప్పినవారికి ఒక చిమ్మిలి ఉండ. అన్నింటికంటె పిల్లలకు నచ్చినది తాబేలు నడక. గీతనుండి గీతకు నడవవలెను, ఎక్కడా ఆగకూడదు, చివరగా చేరినవారే విజేత. స్వామివారి ఊరిలో తొందరపడినవాడు ఓడిపోవడం న్యాయమే! నడవలేని ముసలి అవ్వ ఒకామె ఆ ఆటలో అందరినీ గెలిచినది.

మేనత్త కుమారుడికి కేకు కోయించవలెనని కోరిక. అరకిలో కేకు ఒకటి తెచ్చాడు. మేనత్త కాదనలేదు. పొదుపు అంటే ఇంటిలో ఒకరి ముచ్చటను చిన్నబుచ్చడం కాదు. ఫ్లెక్సీ మాత్రం వద్దన్నది. "మన పాప ఎవరో మన చుట్టాలకు తెలియదా?" అని అడిగినది. అతడు నవ్వి ఊరుకొన్నాడు.

పుట్టినరోజు నాడు నేను భయపడిన ఘడియ రానే వచ్చినది. పొరుగింటి పెద్దావిడ ఒకరు పదిమందిలో, "సారె ఏమి తెచ్చారమ్మా?" అని అడిగినది. వియ్యపురాలి ముఖం పాలిపోయినది. మేనత్త వరుసగా పేర్చిన పళ్ళేలు చూపించి, "ఇదంతా సారెయే. కొబ్బరి వారి తోటది, పాకం వదినగారి చేతిది, ఆ చిలుకలు అన్నయ్యగారివి. ముందు గవ్వ ఒకటి తిని చూడండి" అన్నది. పెద్దావిడ తిన్నది. పాకం ఎట్లా పట్టారని అడిగినది. వియ్యపురాలు చెప్పడం మొదలుపెట్టినది; మరి నలుగురు దగ్గరకు జరిగారు. అంతటితో సారె సంగతి ఎవరూ ఎత్తలేదు.

నాకు అప్పుడు మా ఇల్లు జ్ఞాపకం వచ్చినది. చాలా ఏండ్ల క్రిందట మా ఇంట ఒక వేడుకకు మేమూ అప్పు చేశాము. మా అమ్మ మెడలోని గొలుసు కుదువకు వెళ్ళినది. వచ్చినవారు భోజనం చేసి, బాగున్నదని చెప్పి వెళ్ళిపోయారు. ఆనాటి మిఠాయి పేరు ఈనాడు ఎవరికీ జ్ఞాపకం లేదు. గొలుసు తిరిగి రాలేదన్నది మాత్రం మాకు జ్ఞాపకం ఉన్నది. ఎవరు అడిగారు మమ్మల్ని ఆ ఖర్చు పెట్టమని? ఎవ్వరూ అడగలేదు. వారు ఏమనుకుంటారో అని మేమే అనుకొన్నాము.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటనులో పంచదారకు రేషను వచ్చినది. 1940లో కేకులపై పంచదార పూత వేయడాన్ని కూడా ప్రభుత్వం నిషేధించినది. అప్పుడు అక్కడి పెండ్లిండ్లలో అట్టతో పెద్ద కేకు ఆకారం చేసి బల్లపై నిలిపి, దాని లోపల చిన్న కేకు ఉంచేవారు. అది అట్ట అని అందరికీ తెలుసును, ఎవరూ సిగ్గుపడలేదు. అందరికీ తెలిసిన అట్టలో మోసం లేదు. లేని కలిమిని ఉన్నట్లు చూపడానికి అప్పుచేసి తెచ్చిన అసలైన కేకులోనే మోసం ఉన్నది. ఆ మోసం చుట్టాలకు కాదు, మనకే జరుగుతుంది.

కనుక సోదరీమణులకు నా మనవి ఇది. ఈసారి మీ ఇంట వేడుక తలపెట్టినప్పుడు ముందుగా కొట్టుకు పోయే చీటీ రాయకండి. మన చుట్టాలలో ఎవరికి ఏ పని వచ్చునో ఆ చీటీ రాయండి. పాకం తెలిసినవారు ఒకరుంటారు, ముగ్గు తెలిసినవారు ఒకరు, అల్లిక తెలిసినవారు ఒకరు. చేతిలో సొమ్ము లేక వెనుకబడి నిలుచున్నవారిని ముందుగా పిలవండి. వారికి కూర్చోవడానికి కుర్చీ కంటె, కలపడానికి గరిటె ఇవ్వడం మిన్న.

ఆ తిరుగు ప్రయాణం నాడు మేనత్త వియ్యపురాలి గోనెసంచిలో డబ్బాడు గవ్వలు పెట్టి పంపినది. వియ్యంకుడుగారు పెరటిలో మొలకెత్తిన కొబ్బరికాయ ఒకటి అడిగి తీసుకొన్నారు. కాపుకు ఆరేడేళ్ళు పడుతుందని ఆయనకు మనకంటె బాగా తెలుసును. అయినా తీసుకొని వెళ్ళారు.